దాలమ్మ కూత

పెట్టె మీద పచ్చదీపం వెలిగిందంటే జీపులో జనానికి పండగే. చప్పట్లు కొట్టబోయిన ఒకాయన్ని కాంచన కళ్ళతోనే గద్దించి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. "మెల్లిగా చూడండి. అదిగో, పుట్ట పక్కన."

పుట్ట పక్కన ఆడ ఎలుగుబంటి ఉంది, వీపు మీద పిల్లతో. అడవి ఎలుగు మనిషిని అంత దగ్గర్లో చూస్తే ఏం చెయ్యాలి? పారిపోవాలి, లేదా మీద పడాలి. ఇది రెండూ చెయ్యలేదు. బస్సు కోసం కూర్చున్న ముసలమ్మలా చతికిలబడి, పొట్ట గోక్కుంటూ జీపు వైపు ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. పిల్ల మాత్రం వీపు మీంచి తొంగి చూసింది. జీపులో ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

పెట్టెలోంచి సన్నగా ఒక ఆడగొంతు వస్తోంది. మాటలేం లేవు. "ఓహో... ఓ..." అని ఒకే సాగదీత.

"ఎవరిదండీ ఆ గొంతు?" అని అడిగింది వెనక సీట్లోంచి ఒకావిడ.

"మా మేనత్తది," అంది కాంచన. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆమె ఛాతీ పొంగేది. ఆ రోజులు అలాంటివి మరి.

దాన్ని అందరూ జోలపెట్టె అనేవారు. దానికి పైన ఒక కన్ను, కింద ఒక నోరు. కన్ను దూరం నుంచే జంతువు ఛాతీ కదలికని పట్టుకుని, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తెర మీద అంకెల్లో చూపిస్తుంది. నోరు రకరకాల చప్పుళ్ళు చేస్తుంది. ఏ చప్పుడుకి గుండె నెమ్మదిస్తే దాన్ని ఉంచుకుంటుంది, ఏ చప్పుడుకి ఎగిరిపడితే దాన్ని పారేస్తుంది. దాని తెలివంతా అంతే. గుండె బాగా నెమ్మదించిందంటే పచ్చదీపం వెలుగుతుంది. ఎర వెయ్యక్కర్లేదు, బోను అక్కర్లేదు. జంతువుని ముట్టుకోకుండా దాని భయం తీసేస్తాం, తప్పేముంది అనుకున్నారు. ముట్టుకోకపోతే తప్పు కాదనుకోవడం చదువుకున్నవాళ్ళకి బాగా అలవాటు.

ఊరి పేరు జిల్లేడుగెడ్డ. ఉద్దానంలో ఒక మూల, ఒకపక్క కొండ, ఇంకోపక్క జీడితోటలు. కొండని పగలగొట్టి రాయి అమ్ముకుందామని క్వారీవాళ్ళు కాచుకుని ఉన్నప్పుడు, అడ్డంపడి అక్కడ ఎలుగుల విహార కేంద్రం పెట్టించినవాడు పద్మనాభం గారు. జనం వచ్చి చూస్తేనే కొండ నిలుస్తుంది, కొండ నిలిస్తేనే ఎలుగు బతుకుతుంది అన్నది ఆయన వాదం. వాదంలో లోపమేమీ లేదు. చిక్కల్లా ఎలుగుతోనే. జీపు చప్పుడు వినబడితే చాలు, పొదల్లోకి మాయమయ్యేది. డబ్బిచ్చి వచ్చిన జనం పొదల్ని చూసి తిరిగిపోయేవారు.

అందుకే జంతువుల ధ్వనుల మీద చదువుకుని వచ్చిన కాంచనని తెచ్చి జోలపెట్టె చేయించాడాయన. మొదట వేణువు వినిపించారు. అది ఆయన సరదా. ఎలుగు గుండె గుర్రంలా పరుగెత్తింది. వాన చప్పుడు పెట్టారు, ఏరు పారే చప్పుడు పెట్టారు, ఎలుగుపిల్ల పాలు తాగుతూ చేసే గురగుర కూడా పెట్టారు. ఏదీ పని చెయ్యలేదు. చివరికొక ఉదయం పెట్టె నోరు మూసి, కన్ను మాత్రం తెరిచి ఉంచి కాంచన టీ తాగుతోంది. తెర మీద దడదడలాడుతున్న అంకె ఉన్నట్టుండి మెట్లు దిగినట్టు దిగిపోయింది. ఏమైందా అని చెవి ఒగ్గి వింది. కింద జీడితోట అంచున ఆడవాళ్ళు కూతేస్తున్నారు. అందరికంటే పైన దాలమ్మ గొంతు.

కాంచన చేతిలో టీ ఒలికిపోయింది. ఈ కూత వింటూ కాదూ తను చోడి అంబలి తాగి పెరిగింది!

తల్లి పోయాక కాంచనని చంకనేసుకుని పెంచింది మేనత్త దాలమ్మే. పొద్దున్నే జీడిపిక్కలు ఏరడానికి తోటలోకి వెళ్ళే ముందు ఆడవాళ్ళంతా గట్టు మీద నిలబడతారు. దాలమ్మ ముందుగా కూతేస్తుంది. "ఓహో... ఓ..." అని పొడుగ్గా, ఆపైన "హోయ్! హోయ్!" అని రెండు తెంపులు. లోపల జీడిపళ్ళు తింటున్న ఎలుగు పొడుగుకూతకి తలెత్తుతుంది, తెంపుకూతకి లేచి కొండదారి పడుతుంది. కాసేపు ఆగి వీళ్ళు గంపలతో దిగుతారు. అమ్మమ్మల నాటి నుంచి అదే పద్ధతి.

గొంతు రికార్డు చెయ్యడానికి రమ్మంటే దాలమ్మ పండక్కి దాచుకున్న చీర కట్టుకుని, పక్కింటి రాజులమ్మని తోడు తీసుకుని మరీ వచ్చింది. అద్దాల గదిలోకి అడుగుపెట్టి మూతి విరిచింది. "వోలమ్మ! గాలీ ఆడదు, ఎలుతురూ నేదు. ఇందులో కూతెలగొస్తాదే పిల్లా? తలుపు తియ్యి ముందు."

తలుపు తీశాక ఆమె వేసిన కూతకి కేంద్రంలో పనిచేసేవాళ్ళంతా కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. రాజులమ్మ పడీ పడీ నవ్వింది.

"మీ కూతకి ఎలుగు గుండె ఎందుకు నెమ్మదిస్తోందమ్మా?" అని అడిగాడు పద్మనాభం గారు.

"ఎందుకేటి బావూ, వేటకెల్లినోడు నోరు మూసుకుని ఎల్తాడు. కూతేసినోడు కొట్టడు. దానికీ మాకూ అదే ఒప్పందం. మా అమ్మమ్మ కాణ్ణించి ఒక్కలం తప్పనేదు."

ఆయన ముగ్ధుడైపోయాడు. కాంచన అయితే గాల్లో తేలిపోయింది. ఎన్నో దేశాల ప్రయోగశాలలు వెతుకుతున్న ధ్వని తన అత్త గొంతులో దొరికిందని ఆ రోజంతా ఆమె నేల మీద నడవలేదు.

ఇక పెట్టె తన పని తాను మొదలుపెట్టింది. కూతలో పొడుగు భాగానికి గుండె నెమ్మదిస్తోంది, తెంపులకి పెరుగుతోంది. గుండె పెంచేది దానికి పనికిరాదు కదా, తెంపుల్ని కోసి పారేసింది. మిగిలిన పొడుగు కూతని ఇంకా సాగదీసి, ఇంకా మెత్తబరిచింది. మరి పొడుగుకూత అంటే 'మేం వస్తున్నాం, కొట్టేవాళ్ళం కాదు' అని. తెంపుకూత అంటే 'ఇక లే' అని. పెట్టె మొదటి మాట ఉంచి రెండోది మింగేసింది. కోసిన సంగతి కాంచన తెర మీద చూసింది. చూసి, పెట్టె తెలివికి మెచ్చుకుంది కూడా. ఎలుగు కూర్చుంటోంది, లేవడం లేదు. జీపుకి కావలసింది అదే.

అప్పట్నుంచి జనమే జనం. ఊళ్ళో ప్రతి ఇంటికీ ముందుగది అద్దెకుంది. గెడ్డ ఒడ్డున ఐస్‌క్రీము బండి వెలిసింది. ఆదివారాలు దాలమ్మనే జీపెక్కించి పొడుగుకూత ఒక్కటే వేయించేవారు. ఆమె కూతేస్తుంది, ఎలుగు వచ్చి కూర్చుంటుంది, జనం ఆమెతో ఫోటోలు దిగుతారు. "ఎలుగుల అమ్మమ్మ" అని పేరు కూడా పెట్టారు.

"నా ఎలుగు సిక్కిపోనాది పాపం. పాలిస్తన్నాది కదా," అంటూ ఇంటికొచ్చి చెప్పేది.

"నీ ఎలుగేంటత్తా?"

"మరెవల్దే? నా గొంతింటే కదా కూకుంటాది. నీ మాట ఇంటాదేటి?"

కాంచన నవ్వి ఊరుకునేది. ఊరుకోకూడదు. భయం పోయింది ఎలుగుకొక్కదానికే కాదని ఆమెకి అప్పుడు తట్టలేదు.

ఒకరోజు తట్టింది. పెట్టెకున్నలాంటి కళ్ళే కొండంతా అక్కడక్కడా పెట్టారు, అవి కనబడ్డదల్లా బొమ్మ తీసి దాస్తాయి. వాటిలో ఒకటి జీడితోట వైపుంది. ఏ ఎలుగు ఎటు తిరుగుతోందో సరిచూస్తూ కాంచన ఒక వింత గమనించింది. పెద్ద మగ ఎలుగులు జీపుల గోల పడలేక కొండ మీదికి పోయాయి. పిల్లల తల్లులు మాత్రం కిందికి దిగాయి. పిల్లల్ని చంపేది మగవే. మనిషి గొంతు వినబడేచోట మగవి ఉండవు, కాబట్టి పిల్లకి అదే క్షేమమని తల్లులు లెక్కేసుకున్నాయి. అది సరే అనుకుంటూ తోట వైపు కన్ను తీసిన బొమ్మ దగ్గరికొచ్చింది. తెల్లవారాక గట్టు మీద ఆడవాళ్ళు కూతేశారు. పొడుగుకూత వినగానే జీడిచెట్టు కింద ఆడ ఎలుగు చతికిలబడింది, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. తెంపుకూత వేశారు. అది కదల్లేదు. కాసేపాగి ఆడవాళ్ళు గంపలతో దిగి, నాలుగు చెట్ల అవతల నవ్వుకుంటూ పిక్కలు ఏరుకుని వెళ్ళిపోయారు. ఎలుగు ఉన్నట్టు వాళ్ళకి తెలియనే తెలియదు.

కాంచన పరుగున పద్మనాభం గారి గదికి వెళ్ళింది. "సార్, పెట్టె ఆపెయ్యాలి. ఇవాళే ఆపాలి. ఎలుగులు కూతకి తప్పుకోవడం మానేశాయి. ఇది పిక్కల కాలం, రోజూ ఆడవాళ్ళు తోటలో ఉంటారు."

ఆయన బొమ్మ మొత్తం చూశాడు. ఆయన మొహమూ పాలిపోయింది, అబద్ధం ఎందుకు చెప్పాలి! కాని కాసేపటికి తేరుకున్నాడు. "చూడు కాంచనా, పెట్టె ఆపితే జీపులు ఆగుతాయి. జీపులు ఆగితే కేంద్రం మూతబడుతుంది. క్వారీవాళ్ళు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. కొండే లేకపోతే నీ ఎలుగులు ఎక్కడుంటాయి?"

"మనుషులు పోతే సార్?"

"ఆడవాళ్ళకి చెబుదాం. ఈ ఒక్క కాలం తోటకి వెళ్ళొద్దని. వానలు పడగానే పెట్టెకి మళ్ళీ తెంపులు నేర్పుదాం. సరేనా?"

కాంచన వాదించవలసింది. కొండ పోతుందన్న మాటకి లొంగిపోయింది. తల ఊపి వచ్చేసింది.

ఇంటికొచ్చి గట్టిగానే చెప్పింది. రాజులమ్మా అక్కడే ఉంది. "అత్తా, మీ కూత ఇక పని చెయ్యదు. ఎలుగు తోటలోనే కూర్చుంటోంది. వానల దాకా తోటకి వెళ్ళకండి."

దాలమ్మ చేటలో పిక్కలు చెరుగుతోంది. చెయ్యి ఆపింది. "నా కూత పనిసెయ్యదా?"

"పెట్టె వల్లత్తా. పెట్టె దానికి..."

"పెట్టిలో ఉన్నదెవల గొంతే? నాది కాదేటి? నా గొంతుకి జీపోల్ల కాడ కూకుంటాది, నాకాడ ఎల్లదంటావేటి?"

"వెళ్ళదు. నేను చూశాను."

"పిక్కలు నువ్వొచ్చి ఏరతావేటి మరి? ఉడతలకొదిలెయ్యమంటావా?" అని చేట విసురుగా కింద పెట్టింది. తరవాత గొంతు తగ్గించింది. "ఒసే పిల్లా, అది నాకు తెల్సిన ఎలుగే. పిల్లతల్లి. ఎల్లకపోతే ఎల్లగొడతాను. ఏటవుతాది?"

అత్తకి బాధ కలిగిందని కాంచనకి అర్థమైంది. అత్త కూత అబద్ధమైపోయిందని ఆమె మొహం మీదే చెప్పినట్టయింది. ఇంకాస్త గట్టిగా పట్టుబట్టి ఉంటే, కాళ్ళు పట్టుకుని ఉంటే, తలుపుకి అడ్డంగా పడుకుని ఉంటే! ఇవన్నీ తరవాత వచ్చే ఆలోచనలు.

మర్నాడు జరిగింది రాజులమ్మ చెప్పింది. "కూతేసినామమ్మా. శుభ్రంగానే ఏసినాం. ఆగి దిగినాం. సెట్టుకింద కూకునుంది. అందరం ఆగిపోనాం. మీ అత్త ఆగనేదు. 'ఇదేటే, సొంతింట్లోలాగ కూకున్నావు, లే లే' అనేసి గేదిని తోల్నట్టు సీరకొంగు ఇదిలించుకుంటూ ఎల్లింది. నవ్వుతూనే ఎల్లిందమ్మా. పిల్ల సెట్టు మీదున్నాది. మాకు అవుపళ్నేదు. అది బెదిరి దూకి ఇద్దరికీ మద్దిన పడ్డాది. అంతే. ఆ తల్లి లెగిసింది..."

ఎలుగు మొహం మీదే కొడుతుంది. దాలమ్మ ప్రాణం దక్కింది. ఒక కన్నూ కింది దవడా దక్కలేదు. పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరు బయటికొచ్చి, గోళ్ళు గొంతులోకీ దిగాయి, ఇక మాట రాదని చెప్పినప్పుడు కాంచన గోడకి తల ఆనించి నిలబడింది. ఆ గోడకవతల ఒక నోరు లేని మనిషి. ఆ మనిషి గొంతు మాత్రం కొండ మీద పెట్టెలో భద్రంగా ఉంది.

ఊరు భగ్గుమంది. నిన్నటిదాకా ముందుగదులు అద్దెకిచ్చుకున్నవాళ్ళే బల్లేలు పట్టుకుని కేంద్రం ముందు నిలబడ్డారు. కనబడ్డ ఎలుగునల్లా పొడుస్తామన్నారు. అధికారులొచ్చారు. ఆ ఒక్క ఎలుగునీ పిల్లనీ పట్టి దూరంగా జంతుశాలకి పంపేస్తే మిగతావి బతుకుతాయని తేల్చారు.

"అది ఎవరికీ దొరకదు. నీకే దొరుకుతుంది," అన్నాడు పద్మనాభం గారు. కాంచన కళ్ళలోకి మాత్రం చూడలేదు. "పెట్టె పెట్టి కూర్చోబెట్టు. మత్తుసూది వేస్తారు. నిద్రపోతుంది, తీసుకుపోతారు. లేదంటే వీళ్ళు కొండెక్కుతారు. ఒక్కటి కాదు, అన్నీ పోతాయి."

కాంచన ఒప్పుకుంది. మరేం చేస్తుంది?

మిట్టమధ్యాహ్నం, రాళ్ళు సెగలు కక్కుతున్నాయి. పుట్టకి ఎదురుగా పెట్టె పెట్టారు. వెనక రాతిచాటున సూది తుపాకీ పట్టుకున్న ఉద్యోగి, పశువుల డాక్టరు. కాంచన మీట నొక్కింది. ఆసుపత్రిలో మాట పోయి పడుకున్న మనిషి ఆ కొండ మీద నిండుగొంతుతో కూతేసింది. "ఓహో... ఓ..."

పొదలు కదిలాయి. ఎలుగు వచ్చింది. చిక్కిపోయి ఉంది, మూతి చుట్టూ ఎండిన మట్టి. ఆ గలభా తరవాత తిండి తిన్నట్టు లేదు. తెర మీద అంకె దడదడలాడుతోంది. అది తల ఎత్తి చుట్టూ చూసింది, గాలి వాసన పట్టింది. పారిపోయేలాగే ఉంది. పారిపో, పారిపో అని కాంచన లోపల్లోపల మొక్కుకుంది. కూత మళ్ళీ వచ్చింది. కూతేసినవాళ్ళు కొట్టరు కదా. ఎలుగు పుట్ట పక్కన ఎప్పటి చోటే చతికిలబడింది. పిల్ల వీపు మీంచి దిగి పక్కన నిలబడింది. అంకె మెట్లు దిగింది. పచ్చదీపం వెలిగింది.

సూది తగిలినట్టు కూడా దానికి తెలిసినట్టు లేదు. తొడ ఒకసారి విదిల్చి, అలాగే పక్కకి ఒరిగింది. పిల్ల కీచుమని అరిచి రాళ్ళలోకి దూరిపోయింది. అంకె ఇంకా దిగుతోంది. మత్తుకి దిగుతుందిలే అన్నారెవరో. అయినా దిగుతూనే ఉంది. డాక్టరు పరుగెత్తాడు. నీళ్ళు పోశాడు, ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. ఎండ, ఆకలి, పాలిచ్చే ఒళ్ళు, వాటి మీద మత్తు. తెర మీద సున్న పడింది.

పచ్చదీపం ఆరలేదు. ఎందుకారుతుంది? సున్న కంటే ప్రశాంతమైన అంకె ఆ పెట్టెకు తెలియదు. తెర కింద ఒక వరుస వెలిగింది: 'ఇప్పటివరకూ ఇదే అత్యుత్తమ ధ్వని. భద్రపరచడమైనది.' దాలమ్మ గొంతు ఇంకా మెత్తగా కూతేస్తూనే ఉంది. కాంచన రాయి తీసి పెట్టె కంటిని పగలగొట్టింది, నోటిని పగలగొట్టింది. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రావలసిన అవసరమూ లేదు, కేంద్రంలో అలాంటివి ఇంకా ఉన్నాయి.

పిల్ల కోసం వాటిల్లోంచే ఒకటి తెచ్చి ఎన్నాళ్ళో కూత వినిపించారు. ఒక్కసారి మాత్రం రాళ్ళ వెనక దాని చిన్న గుండె పెట్టె కంటికి చిక్కింది. కూత మొదలవగానే అంకె తెర పట్టనంత పైకి ఎగిరింది. ఆ తరవాత రాళ్ళు దొర్లిన చప్పుడే గాని పిల్ల జాడ లేదు. తల్లి ఆ గొంతు విని పడుకుంది, మళ్ళీ లేవలేదు. పిల్లకి అంతవరకూ తెలుసు.

దాలమ్మ ఇంటికొచ్చింది. దవడ పోయినచోట గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. కాంచన ఉద్యోగం మానేసి ఆమెకి గరిటెతో అంబలి పోస్తోంది. కొన్నాళ్ళకి ఇక దాచలేక, కొండ మీద జరిగిందంతా చెప్పేసింది. "ఎలుగు చచ్చిపోయిందత్తా. నీ కూతేసి పిలిచాను. నేనే పిలిచాను."

దాలమ్మకి ఉన్న ఒక్క కన్నూ పెద్దదైంది. చెయ్యెత్తి కొడుతుందేమో అనుకుంది కాంచన. కొట్టలేదు. తన గొంతుని తనే రెండు చేతులా పట్టుకుని ఊగిపోతూ ఏడ్చింది. ఆ ఏడుపుకి చప్పుడు లేదు. ఎలుగు మీద పడ్డప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదని రాజులమ్మ అంది.

మళ్ళీ పిక్కల కాలం వచ్చింది. కేంద్రం మూతబడలేదు. కొత్త చప్పుళ్ళు వెతుకుతున్నారని, జీపులు త్వరలో తిరుగుతాయని చెప్పుకున్నారు. పొద్దున్నే ఆడవాళ్ళు గట్టు మీద చేరారు. కాంచనా గంప పట్టుకుని వెళ్ళి వరసలో చివర నిలబడింది. అలవాటుగా రాజులమ్మ గాలి పీల్చి నోరు తెరిచింది. వెనక్కి తిరిగి అరుగు మీది దాలమ్మని చూసింది. తెరిచిన నోరు మూసుకుంది.

ఒకరి వెనక ఒకరు, అడుగుల చప్పుడు కూడా కాకుండా, చేతుల్లో బల్లేలతో తోటలోకి దిగారు. వేటకి వెళ్ళేవాళ్ళు అలాగే వెళతారు. దాలమ్మ కాసేపు చూసి, కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.